సోనబోటుకి ఏఐఎస్ పెట్టిస్తున్నాం, యాంటెన్నా ఎక్కడ పెట్టాలి, ఏ కేబుల్ వాడాలి?

రేవుగట్టు (కాకినాడ)

అందరికీ నమస్తే అండి. మాది కాకినాడ, కుంభాభిషేకం రేవు. నాన్నగారి పేరు మీద ఒక సోనబోటు ఉంది. ఇంజనుతో నడిచే చెక్క వేట బోటు, పొడవు 13 మీటర్లు. వేట నిషేధం కదా, జూన్ 14 దాకా గట్టు మీదే ఉంటుంది. రంగులూ చెక్క పనీ నడుస్తున్నాయి. ఈ ఖాళీలోనే ఏఐఎస్ (మన బోటు పేరూ చోటూ చుట్టుపక్కల షిప్పులకి రేడియోలో పంపి, వాళ్ళవి మనకి చూపే డబ్బా) కూడా పెట్టించేద్దామని నా పట్టు.

ఎందుకంటే, మొన్న సీజన్లో ఒక రాత్రి బియ్యం స్టీమర్లు లంగరేసే చోటు దాటాక, వల దిగి ఉండగా, ఒక స్టీమరు మా వెనక నుంచి బాగా దగ్గరగా పోయింది. మా సరంగు (బోటు నడిపేవాడు) వాకీలో పిలుస్తూనే ఉన్నాడు, ఎవరూ పలకలేదు. వల వదిలేసి పక్కకి తిప్పుకోవడమా, ఉండడమా అని అందరికీ ఒకటే టెన్షన్.

బోటు మీద ఇప్పుడు వీహెచ్ఎఫ్ వాకీ, జీపీఎస్, ఎకో సౌండరు (నీటి లోతు చూపేది) ఉన్నాయి. ప్రభుత్వం ఉచితంగా బిగించిన, ఉపగ్రహంతో నడిచే ట్రాన్స్‌పాండరు కూడా ఉంది. కరెంటు 24 వోల్టులు. కేబిన్ కప్పు నీటి నుంచి మూడు మీటర్ల ఎత్తు. దాని మీద రెండు మీటర్ల ఇనప గొట్టం, గొట్టం కొసన వాకీ యాంటెన్నా. వెనక వల లాగే ఫ్రేము కూడా దాదాపు ఆ ఎత్తే ఉంటుంది.

నాన్నగారేమో "గవర్నమెంటు డబ్బా ఉంది కదరా, మళ్ళీ ఇంకోటి ఎందుకు" అంటున్నారు. షాపులో ఒకాయన "వాకీ యాంటెన్నాకే టీ కనెక్టరు పెట్టి రెండూ కలిపేస్తాం, ఇంకో యాంటెన్నా ఖర్చు ఉండదు" అన్నాడు. సన్న కేబుల్ 15 మీటర్లు ఇస్తాడట. ఇంకొకాయన దగ్గర గుజరాత్‌లో షిప్పులు విరగ్గొట్టే చోటు నుంచి తెచ్చిన పెద్ద ఏఐఎస్ ఉంది, అగ్గువకే ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు. ఇంకోటి, రాత్రి డెక్కు మీద ఎల్ఈడీ లైట్లు వేస్తే వాకీలో గురగుర వస్తుంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అండి?

ఉప్పుగాలి (విశాఖ, మెరైన్ ఎలక్ట్రానిక్స్ పని)

తమ్ముడూ, ముందు ఆ టీ కనెక్టరు మాట చెప్పినాయనకి ఒక దండం పెట్టి షాపు బయటికి వచ్చెయ్. మీ వాకీ నొక్కినప్పుడల్లా 25 వాట్లు బయటికి పోతాయి. ఏఐఎస్ లోపలి రిసీవరు ఒక వాటుని లక్షల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత చిన్న సిగ్నల్ వినడానికి తయారైంది. రెండింటినీ ఒకే తీగ మీద పెడితే మొదటిసారి పీటీటీ (వాకీలో మాట్లాడే మీట) నొక్కగానే ఆ రిసీవరు పని ఖతం. యాంటెన్నా ఒక్కటే పెట్టుకోవాలంటే దానికని చేసిన యాక్టివ్ స్ప్లిటర్ ఉంటుంది. వాకీలో మాట్లాడేటప్పుడు అది ఏఐఎస్‌ని పక్కకి తప్పిస్తుంది. మంచి స్ప్లిటర్ ఖరీదులో ఇంకో యాంటెన్నా వచ్చేస్తుంది, పైగా స్ప్లిటర్ పోయిందంటే వాకీ, ఏఐఎస్ రెండూ ఒకేసారి మూగబోవచ్చు. నేనైతే రెండు యాంటెన్నాలే వేస్తాను.

గుజరాత్ డబ్బా కూడా వద్దు. అది క్లాస్ ఏ, పెద్ద షిప్పులది, 12.5 వాట్లు. కరెంటు మీ బ్యాటరీకి సరిపోతుంది, అది కాదు గొడవ. దాని కడుపులో చచ్చిపోయిన షిప్పు పేరూ నంబరూ ఉంటాయి. ఎంఎంఎస్ఐ అని తొమ్మిది అంకెల నంబరు, మన దేశానిది 419తో మొదలవుతుంది. పాత నంబరు మార్చాలంటే పాస్‌వర్డ్ కావాలి, అది అమ్మినవాడి దగ్గర కూడా ఉండదు. మీ చెక్క బోటు రెండు వందల మీటర్ల విదేశీ షిప్పు పేరుతో హోప్ ఐలండ్ పక్కన తిరుగుతుంటే కోస్ట్ గార్డ్ వాళ్ళు ఊరుకుంటారా? కొత్త క్లాస్ బీ తీసుకో. దానికి రేడియో లైసెన్సు టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం నుంచి రావాలి, నంబరు బోటు పేరు మీద రావాలి. కాగితాలు చేతికి వచ్చాకే డబ్బాలో నంబరు ఎక్కించు. చాలా క్లాస్ బీ డబ్బాల్లో నంబరు ఒక్కసారే ఎక్కుతుంది. ఒక్క అంకె తప్పు కొట్టినా డబ్బా మళ్ళీ డీలరు దగ్గరికో కంపెనీకో పోవాల్సిందే.

క్లాస్ బీలో రెండు రకాలు. మామూలుది 2 వాట్లు, ఖాళీ దొరికితే పంపుతుంది, లేదంటే ఆగుతుంది. రెండోది 5 వాట్లు, క్లాస్ ఏ లాగే ముందే తన వంతు బుక్ చేసుకుంటుంది. రేవు చుట్టూ షిప్పులు ఎక్కువున్న చోట తేడా తెలుస్తుంది. డబ్బు సర్దుబాటైతే 5 వాట్లది తీసుకో, లేదంటే 2 వాట్లదే చాలు. ఎందుకంటే ఇక్కడ దూరాన్ని తేల్చేది వాట్లు కాదు, యాంటెన్నా ఎత్తు. ఏఐఎస్ నడిచేది 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద. ఈ తరంగం ఇంచుమించు చూపు లాగే నేరుగా పోతుంది, సముద్రం వంపు దాటదు. లెక్క సులువే. ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 2.2తో గుణించు, నాటికల్ మైళ్ళు వస్తాయి. ఇద్దరిదీ కలుపుకోవాలి. నీ యాంటెన్నా 5 మీటర్ల ఎత్తుంటే నీ వాటా 4.9. స్టీమరుది 36 మీటర్లయితే దాని వాటా 13.2. అంటే 18 మైళ్ళ దూరంలో ఒకరికొకరు కనపడతారు. నీలాంటి ఇంకో బోటుకైతే పది మైళ్ళకు కాస్త తక్కువ. ఎత్తు కోసం ఎనిమిది మీటర్ల గొట్టం పాతి బోటు ఊగినప్పుడల్లా అది విరుగుతుందేమో అని చూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఇక చోటు. రూలు పుస్తకం ప్రకారం ఏఐఎస్ యాంటెన్నా వాకీ యాంటెన్నాకి సరిగ్గా పైనో కిందో, మధ్యలో రెండు మీటర్లు వదిలి ఉండాలి. పక్కపక్కన ఒకే ఎత్తులో పెడితే పది మీటర్లు ఎడం ఉండాలి. మీ 13 మీటర్ల బోటులో పది మీటర్లు ఎక్కడి నుంచి తెస్తాం? అందుకని ఇలాంటి బోట్లకి నేను వెనక ఫ్రేము వాడతాను. ఫ్రేము మూలన, వల తాడు రాసుకోని వైపు, ఒక మీటరు గొట్టం నిలబెట్టి దాని మీద యాంటెన్నా. వాకీ యాంటెన్నాకి అయిదారు మీటర్లు ఎడం వస్తుంది, అది బాగానే నడుస్తుంది. గొట్టానికి ఆనించి, సమాంతరంగా మాత్రం కట్టొద్దు. ఇనుము నీడ పడ్డ వైపు సిగ్నల్ పోదు.

యాంటెన్నా 3 డీబీది అడుగు (డీబీ అంటే సిగ్నల్ ఎంత పెరిగిందో, తగ్గిందో చెప్పే కొలత). షాపువాళ్ళు 6 డీబీ గొప్పదని అంటగడతారు. అది శక్తినంతా సన్నటి పలకలా అడ్డంగా చిమ్ముతుంది. బోటు కుడి ఎడమలకి ఊగినప్పుడు ఆ పలక ఒకసారి నీళ్ళలోకి, ఒకసారి ఆకాశంలోకి పోతుంది. ఇంకోటి, ఏఐఎస్‌కి 162కి ట్యూన్ చేసినదే అడుగు. మామూలు వాకీ యాంటెన్నా 156.8 దగ్గర ట్యూన్ అయి ఉంటుంది. అదీ పనిచేస్తుంది కానీ కొంత శక్తి వెనక్కి తిరిగొస్తుంది.

కేబుల్ దగ్గరే చాలామంది డబ్బు మిగుల్చుకుంటారు, బోటు కనపడకుండా పోయేది కూడా అక్కడే. సన్న కేబుల్ అంటే ఆర్‌జీ-58 అయి ఉంటుంది. 160 మెగాహెర్ట్జ్ దగ్గర దాని నష్టం వంద మీటర్లకి 20 డీబీ దాకా ఉంటుంది. 15 మీటర్లు వేస్తే 3 డీబీ, అంటే సగం. నువ్వు 2 వాట్లకి డబ్బు కట్టి యాంటెన్నాకి ఒక వాటు ఇస్తున్నావు. వినేటప్పుడు కూడా అదే కోత. ఆర్‌జీ-213 తీసుకో, వేలి లావు ఉంటుంది, వంద మీటర్లకి 9 డీబీ చిల్లర. మీ ఫ్రేము నుంచి కేబిన్‌కి కొలిస్తే పది మీటర్లకి మించదు, నష్టం ఒక డీబీ కూడా ఉండదు. మిగిలిన వైరు చుట్టచుట్టి బల్ల కింద తోసెయ్యొద్దు, కోసెయ్. ఇంట్లో ఉంది కదా అని కేబుల్ టీవీ వైరు అసలే వద్దు. అది 75 ఓములు, ఇక్కడ కావాల్సింది 50.

ఇప్పుడు కనెక్టరు. నా దగ్గరికి "ఏఐఎస్ చచ్చిపోయింది" అని వచ్చే బోట్లలో ఎక్కువ వాటికి డబ్బా బాగానే ఉంటుంది. యాంటెన్నా కింద ఉన్న పీఎల్-259 కనెక్టరు విప్పితే లోపల పచ్చటి పొడి రాలుతుంది. కేబుల్ పైతోలు చీల్చి చూస్తే రాగి అల్లిక నల్లగా, చేత్తో నలిపితే విరిగిపోయేలా మీటరు పొడవునా తినేసి ఉంటుంది. ఉప్పునీరు కనెక్టరు సందులోంచి దిగి అల్లిక వెంట దీపం వత్తిలో నూనె లాగా ఎక్కుతూ పోతుంది. కాబట్టి నొక్కుడు కనెక్టరు కాదు, నడిమి పిన్నూ అల్లికా రెండూ సోల్డరింగ్ చేయించు. తగరం పోసిన రాగి అల్లిక ఉన్న మెరైన్ కేబుల్ దొరికితే మరీ మంచిది. బిగించాక సాగదీస్తే దానికదే అతుక్కునే రబ్బరు టేపు కింద నుంచి పైకి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా చుట్టు. దాని మీద మామూలు నల్ల టేపు, ఎండకి రబ్బరు పాడవకుండా. కేబిన్‌లోకి దూరే ముందు కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్ళు. వాన నీరు వంపు దగ్గరే కారిపోతుంది, డబ్బాలోకి రాదు.

ఎల్ఈడీ గురించి సరైన ప్రశ్న అడిగావు. లైట్లలో కరెంటు మార్చే చిన్న బోర్డు ఉంటుంది. చవక లైట్లలో అది వీహెచ్ఎఫ్ అంతటా రొద చిమ్ముతుంది. దీని మీద అమెరికా కోస్ట్ గార్డ్ 2018లో హెచ్చరిక కూడా ఇచ్చింది. పరీక్ష నువ్వే చెయ్యొచ్చు. లైట్లన్నీ ఆపి, వాకీని ఎవరూ మాట్లాడని ఛానెల్లో పెట్టు. స్క్వెల్చ్ మీటని (గురగురని అణిచేది) గురగుర అప్పుడే ఆగిన చోట వదులు. ఇప్పుడు లైట్లు ఒక్కొక్కటే వెయ్యి. ఏ లైటుకి గురగుర మళ్ళీ మొదలైతే అది దొంగ.

నాన్నగారి ప్రశ్నకి జవాబు చిన్నది. గవర్నమెంటు డబ్బా ఇస్రో ఉపగ్రహం ద్వారా ఒడ్డుతో మాట్లాడుతుంది. నీ మీదికి వచ్చే స్టీమరు కెప్టెనుకి అందులో ఏమీ కనపడదు. ఏఐఎస్ చుట్టూ ఉన్న షిప్పులతో నేరుగా మాట్లాడుతుంది. 2008 ముంబై దాడుల తర్వాత 20 మీటర్లు దాటిన చేపల బోట్లకి ఏఐఎస్ తప్పనిసరి చేశారు. నీది 13 కాబట్టి చట్టం బలవంతం లేదు, స్టీమరు మాత్రం పొడవు కొలిచి గుద్దదు.

బ్రిడ్జివాచ్ (సెకండ్ ఆఫీసర్, బల్క్ క్యారియర్)

సొంతూరు భీమిలి, ప్రస్తుతం సెలవులో ఉన్నాను. స్టీమరు మీద నిలబడేవాడిగా రెండు మాటలు.

చెక్క బోటు మా రాడార్‌లో చాలా బలహీనంగా పడుతుంది. నైరుతి గాలులప్పుడు అలలే తెర నిండా చుక్కలు వేస్తాయి. ఆ చుక్కలు తగ్గించడానికి మీట తిప్పితే మీ బోటు కూడా వాటితో పాటే పోతుంది. ఏఐఎస్ ఉంటే త్రికోణం గుర్తు పడుతుంది, పక్కన పేరు. దాని మీద క్లిక్ చేస్తే ఎంత దగ్గరగా దాటుతామో, ఎన్ని నిమిషాల్లోనో లెక్క వచ్చేస్తుంది. ఆరు మైళ్ళ దూరంలో కనపడితే 14 నాట్ల (గంటకి 14 నాటికల్ మైళ్ళ) వేగం మీద నాకు 25 నిమిషాలు దొరుకుతాయి. అయిదు డిగ్రీలు తిప్పితే చాలు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మైలు దూరంలో కనపడితే నాలుగు నిమిషాలు. లోడుతో ఉన్న షిప్పు ఆగడానికి అది చాలదు.

వాకీలో పలకలేదన్నారు. మీ సరంగు "స్టీమర్, స్టీమర్" అని పిలిచి ఉంటాడు కదా? బ్రిడ్జి మీద ఫిలిప్పీన్స్ వాడో చైనా వాడో ఉంటాడు, తనని పిలుస్తున్నారనే తట్టదు. ఏఐఎస్ వల్ల అసలు లాభం ఇక్కడే. మీ తెర మీద షిప్పు పేరు కనపడుతుంది. ఛానెల్ 16లో ఆ పేరు రెండుసార్లు పిలిచి "ఫిషింగ్ బోట్, నెట్ ఇన్ వాటర్, ప్లీజ్ కీప్ క్లియర్" అనమనండి. పేరు వినపడితే ఎవడైనా పలుకుతాడు. క్లాస్ బీ డబ్బాలకి చాలావరకు తెర ఉండదు. కాబట్టి చార్ట్ ప్లాటరుకి (సముద్రం మ్యాపు చూపే తెర) కలపాలి, లేదా వైఫై ఉన్నది తీసుకుని ఫోనులో చూడాలి. తెర లేకుండా పెట్టించుకుంటే సగం డబ్బు దండగ.

ఇంకోటి చాలామందికి తెలియదు. క్లాస్ బీ రెండు నాట్లు దాటి కదిలితే 30 సెకన్లకోసారి చెబుతుంది. అంతకన్నా నెమ్మదిస్తే మూడు నిమిషాలకోసారే. వల వేసి నిలబడ్డప్పుడు మీరు నాకు మూడు నిమిషాల పాత చోటులో కనపడొచ్చు. ఆ మూడు నిమిషాల్లో నేను 0.7 మైలు వచ్చేస్తాను. కాబట్టి ఏఐఎస్ ఉంది కదా అని లైట్లు మానొద్దు. ట్రాల్ వల లాగేటప్పుడు పైన ఆకుపచ్చ, కింద తెలుపు. వేరే రకం వల అయితే పైన ఎరుపు, కింద తెలుపు. డెక్కు మీద ఫ్లడ్ లైట్లన్నీ వేసేస్తే ఆ వెలుగులో ఈ రంగులు మాకు ఏమీ కనపడవు.

కొందరు వల బోయలకి చవక ఏఐఎస్ బీకన్లు కడుతున్నారు. దయచేసి వద్దు. తెర నిండా దొంగ బోట్లు కనపడితే అసలు బోటుని కూడా మావాళ్ళు బోయ అనుకుని వదిలేస్తారు.

రేవుగట్టు

ఉప్పుగాలి అన్నయ్యా, బ్రిడ్జివాచ్ గారూ, చాలా థాంక్స్ అండి. ఇవాళ పొద్దున్నే లైట్ల పరీక్ష చేశాను. మీరన్నట్టే ఉంది. కేబిన్ ముందు ఉన్న రెండు తెల్ల ఫ్లడ్ లైట్లు వెయ్యగానే గురగుర, మిగతావి వేస్తే ఏమీ లేదు. ఆ రెండూ రోడ్డు పక్కన కొన్నవి. తీసేయిస్తున్నాను.

నాన్నగారు సగం ఒప్పుకున్నారు. ఇప్పుడు సరంగు గొడవ. "ఇది పెడితే మనం ఎక్కడ వల వేస్తున్నామో రేవంతా ఫోనులో చూస్తుంది, రేపు అందరూ అక్కడే దిగుతారు" అంటున్నాడు. వేట మొదలవ్వగానే ఆపేసుకోవచ్చు కదా అని కూడా అడుగుతున్నాడు.

మత్స్యలేశం బాబు (శ్రీకాకుళం)

తమ్మీ, మీ సరంగు భయం నాకు తెలుసు, మావోళ్ళదీ అదే మాట. కానీ నేను గుజరాత్ రేవు వేరావల్‌లో పనిచేసి వచ్చినోడిని. మా ఊరి వైపు నుంచి గుజరాత్ బోట్లెక్కినోళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కితే, వాళ్ళలో 20 మంది 2020 జనవరి 6న గానీ వాఘా దాటి రాలేదు. ఇళ్ళల్లో ఆడోళ్ళు ఆ ఏడాది ఎట్టా గడిపారో మేం చూశాం. అందుకే నేను చెప్పేది, ఉన్న డబ్బాలు రెండూ వెలుగుతూనే ఉండాలి.

మీ నాన్నకి ఇంకో మాట చెప్పు. గవర్నమెంటు డబ్బాని తక్కువ చెయ్యొద్దు. సరిహద్దు దగ్గరకొస్తే హెచ్చరిస్తుంది. వాతావరణం మెసేజీలు వస్తాయి, ఆపదలో మనం కూడా పంపొచ్చు. ఫోనుకి బ్లూటూత్‌తో కలుపుకుంటే నభ్‌మిత్ర యాప్‌లో చదువుకోవచ్చు. 2024 ఆగస్టులో లక్ష బోట్లకి ఇస్తామని మొదలెట్టిన పథకం అది. ఒడ్డుకి వంద మైళ్ళ అవతల వాకీ పలకదు, ఏఐఎస్ ఒడ్డుకి అందదు, అక్కడ అదే దిక్కు. మావోళ్ళు కొందరు దాని కరెంటు పీకి ఫోన్ల ఛార్జింగు పెట్టుకుంటారు. ఆ పని చెయ్యనీకు.

ఉప్పుగాలి

బాబు గారు చెప్పింది నిజం. సరంగుకి ఇలా చెప్పు. ఫోను యాప్‌లో కనపడాలంటే ఒడ్డున ఉన్న రిసీవరుకి నీ సిగ్నల్ అందాలి. 5 మీటర్ల యాంటెన్నాతో నువ్వు బాగా లోపలికి పోయాక అది మామూలుగా అందదు. ఉపగ్రహాలు అప్పుడప్పుడు వింటాయి కానీ రేవులో ఎవరూ దానికి డబ్బు కట్టి చూడరు. పక్కన పది మైళ్ళలో ఏఐఎస్ ఉన్న బోట్లకి మాత్రం కనపడతావు. వాళ్ళకి రాత్రి నీ లైట్లు ఎలాగూ కనపడతాయి. అయినా బాగా పడే చోటు మీ సరంగు ఒక్కడికే తెలుసనుకోవడం కొంచెం ఎక్కువే. కొన్ని డబ్బాలకి పంపడం ఆపి వినడం ఒక్కటే చేసే స్విచ్ ఉంటుంది. స్టీమర్ల దారిలో దాన్ని ముట్టుకోనంత వరకు నాకు అభ్యంతరం లేదు.

డబ్బా సెట్టింగ్స్‌లో రెండు చోట్ల జాగ్రత్త. బోటు రకం 30 అని పెట్టు, అది చేపల బోటు కోడు. తర్వాత జీపీఎస్ యాంటెన్నా నుంచి ముక్కుకి, వెనక్కి, ఎడమకి, కుడికి ఎన్ని మీటర్లో అడుగుతుంది. టేపు పట్టుకుని కొలిచి రాయి. చాలామంది సున్నాలు వదిలేస్తారు. ఆ జీపీఎస్ గిన్నె కేబిన్ కప్పు మీద ఆకాశం బాగా కనపడే చోట ఉండాలి, దాని మీద టార్పాలిన్ కప్పొద్దు. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, డబ్బా పుస్తకంలో రాసిన ఫ్యూజుతో ఇవ్వు. ఇంజను సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ పడి డబ్బా మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంటే వైరు సన్నగా ఉందని అర్థం.

యాంటెన్నా తగిలించకుండా స్విచ్ వెయ్యొద్దు. తగిలించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో (యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి వస్తోందో చెప్పేది) చూడమను. 1.5 లోపు ఉంటే హాయి, 2 దాకా సర్దుకోవచ్చు. 3 వచ్చిందంటే పావు వంతు శక్తి వెనక్కి తిరిగొస్తోంది, కనెక్టరు మళ్ళీ విప్పాల్సిందే. తర్వాత రేవులోనే ఏఐఎస్ ఉన్న ఇంకో బోటు తెర మీద నీ పేరు, నంబరు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకో. పేరు రావడానికి ఆరు నిమిషాలు పట్టొచ్చు, కంగారు పడకు.

రేవుగట్టు

చివరగా ఒక్కటి అన్నయ్యా. మాది చెక్క బోటు కదా, యాంటెన్నాకి కింద రాగి రేకు, ఎర్త్ లాంటివి పెట్టాలని షాపాయన అంటున్నాడు. దానికి మళ్ళీ వేరే బిల్లు.

ఉప్పుగాలి

అక్కర్లేదు. బోట్ల కోసం చేసిన వీహెచ్ఎఫ్ యాంటెన్నాలు చాలావరకు హాఫ్ వేవ్ రకం, వాటికి కింద రేకు అవసరం లేదు. కారు యాంటెన్నా తెచ్చి అంటగడితే మాత్రం కావాలి. అలాంటిది ఇస్తే తీసుకోకు. ఆ రేకు డబ్బు ఆర్‌జీ-213 మీద పెట్టు.